బొటనవేలు పక్కకి ఎందుకు జరుగుతుంది? బన్యన్ చుట్టూ అల్లుకున్న చరిత్ర, పేర్లు, బొమ్మలు

ఫోన్ తెరిస్తే చాలు, కాలి బొటనవేలికి తొడిగే పట్టీల ప్రకటనలు వచ్చి పడుతున్నాయి. రాత్రి తొడుక్కుని పడుకుంటే వంకర వేలు కొన్ని వారాల్లో తిన్నగా అయిపోతుందని, ముందు ఫొటో తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టి మరీ చూపిస్తారు. అది చూసి ఇంట్లో పెద్దావిడ కాలు ముందుకి చాపి "నాకూ ఇదే ఉంది కదరా" అంటుంది, అక్కడి నుంచి తలో మాట మొదలవుతుంది. యూరిక్ యాసిడ్ అని ఒకరు, ఆనెకాయ అని ఒకరు, ఒంట్లో క్యాల్షియం తేడా వచ్చి ఎముక పెరిగిందని ఇంకొకరు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మనవరాలికి కూడా మొదలైందంటే అది హీల్స్ వల్లేనని అందరూ ఒప్పేసుకుంటారు. కానీ జన్మలో హీల్స్ తొడగని పెద్దావిడ అడుగుతుంది, మరి నాకెందుకు వచ్చింది అని.

చాలా మంచి ప్రశ్న అది. డాక్టర్లు, ఎముకలు తవ్వి చదివేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు నూటయాభై ఏళ్లకి పైగా వాదించుకుంటున్నది సరిగ్గా దీని గురించే. ఇంగ్లీషులో దీన్ని బన్యన్ అంటారు. తెలుగు పత్రికల ఆరోగ్యం పేజీల్లో బనియన్, బునియన్, బ్యునియన్ అని రకరకాలుగా రాస్తున్నారు గానీ, ఒంటి మీద వేసుకునే బనియన్‌తో కలిసిపోకుండా నేనిక్కడ బన్యన్ అనే రాస్తాను.

పెరిగింది కాదు, జరిగింది

ముందు ఇది తేల్చుకోకపోతే మిగతాదేదీ అర్థం కాదు. బొటనవేలి మొదట్లో, పాదం లోపలి అంచున కనిపించే ఆ బుడిపె కొత్తగా మొలిచిన ఎముక కాదు, చాలావరకు. అది ముందు నుంచీ ఉన్న ఎముకే. బొటనవేలి వెనక, పాదం లోపల ఒక పొడవాటి ఎముక ఉంటుంది, దాన్ని మొదటి మెటాటార్సల్ అంటారు. అది మెల్లగా అవతలి కాలి వైపు ఒరుగుతుంది. దానికి అతుక్కుని ఉన్న వేలు మాత్రం ఎదురు దిక్కున, చిటికెన వేలి వైపు వంగుతుంది. రెండూ కలిసే కీలు దగ్గర ఒక మూల తయారవుతుంది. బయటికి బుడిపెలా కనిపించేది ఆ మూలే. దాని మీద చెప్పు రాసుకుని చర్మం కింద ఉండే చిన్న నీటి సంచి వాస్తే ఎర్రబడి, నొప్పి పెట్టి, ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

చిన్న లెక్క చేసి చూద్దాం. మొదటి మెటాటార్సల్ ఎముక పెద్దవాళ్లలో సుమారు 6 సెంటీమీటర్ల పొడవుంటుంది. దానికీ పక్కనున్న రెండో మెటాటార్సల్‌కీ మధ్య కోణం 9 డిగ్రీల లోపు ఉంటే మామూలు కిందే లెక్క. ఒకామెకి అది 8 డిగ్రీల నుంచి 15 డిగ్రీలకి పెరిగిందనుకోండి. 6 సెంటీమీటర్ల ఎముక అన్ని డిగ్రీలు తిరిగితే దాని కొన దాదాపు 7 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు ఎముక కూడా కొత్తగా పెరగలేదు, కానీ పాదం ముక్కాలు సెంటీమీటరు వెడల్పయ్యింది. పాత సైజు చెప్పులో ఆ ముక్కాలు సెంటీమీటరుకి చోటు లేదు. "ఎముక పెరిగిపోతోందండీ" అని అందరూ అనడానికి కారణం ఇదే, వాళ్ల తప్పేం లేదు, కంటికి అలాగే కనిపిస్తుంది.

రెండో కోణం వేలికీ మెటాటార్సల్‌కీ మధ్యది. ఎక్స్‌రే మీద రెండు గీతలు గీసి కొలుస్తారు. 15 డిగ్రీలు దాటితే బన్యన్ అంటారు, 20 వరకు తక్కువ స్థాయి, 40 దాటితే తీవ్రం. ఒకరికి 12, ఒకరికి 25, ఒకరికి 42 వస్తే మొదటివాళ్లకి లేనట్టు, రెండోవాళ్లకి మధ్యరకం, మూడోవాళ్లకి ముదిరినట్టు. అయితే ఈ అంకెకీ నొప్పికీ సూటి సంబంధం లేదు, ఇది చాలామందికి తెలియక టెన్షన్ పడతారు. 35 డిగ్రీలున్నా ఏ బాధా లేకుండా తిరిగేవాళ్లున్నారు, 18 డిగ్రీలకే అడుగు వేయలేనివాళ్లూ ఉన్నారు.

ఒకసారి వంగడం మొదలయ్యాక అది అక్కడే ఎందుకు ఆగదు? వేలిని నిటారుగా లాగాల్సిన స్నాయువులు, వేలు వంగాక, దానికి అటూ ఇటూ సమంగా ఉండవు. వింటికి నారి బిగించినట్టు ఒక పక్కకి చేరిపోయి, కండరం లాగినప్పుడల్లా వేలిని ఇంకాస్త వంచుతాయి. కీలు కింద నువ్వుగింజ పేరుతో పిలిచే రెండు చిన్న ఎముకలుంటాయి, అవి కూడా తమ చోటు నుంచి తప్పుతాయి. అందుకే ఇది ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే వ్యవహారం.

యూరిక్ యాసిడ్ అనుమానం మాత్రం ఊరికే రాలేదు. ఆ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్ అనే వాతం చాలాసార్లు మొదట పట్టుకునేది కూడా ఈ కీలునే. తేడా ఏమిటంటే గౌట్ ఒక్క రాత్రిలో నిప్పులా వచ్చి పడుతుంది, దుప్పటి తగిలినా భరించలేనంత నొప్పి, కొన్ని రోజుల్లో తగ్గుతుంది. బన్యన్‌కి ఎప్పుడు మొదలైందో తేదీ చెప్పడం కూడా కష్టం.

ఉల్లిపాయ, పల్లేరు, హువాన్

మనకి తెలుగులో దీనికి అందరూ వాడే ఒక్క పేరంటూ స్థిరపడలేదు. "బొటనవేలి దగ్గర ఎముక పొడుచుకొచ్చింది" అంటాం, బుడిపె అంటాం, కొందరు ఆనెకాయ అనేస్తారు. కానీ ఆనెకాయ చర్మం గట్టిపడి ఏర్పడేది, ఎముకతో దానికి పని లేదు. హిందీలో గోఖ్రూ అనే మాటని ఆనెకాయకీ దీనికీ రెండింటికీ వాడేస్తుంటారు. గోఖ్రూ అంటే మన పల్లేరు, అరికాల్లో గుచ్చుకునే ముళ్లకాయ. పేరు కలిసిపోవడంతో వైద్యం కూడా కలిసిపోతోంది. ఆనెకాయకి అంటించే మందు ప్లాస్టర్లు కొని బన్యన్ మీద వేసి చర్మం కాల్చుకునే పరిస్థితి అందుకే వస్తుంది.

ఫ్రెంచివాళ్లు దీన్ని ఉల్లిపాయ అంటారు, అదే మాట కూరలో వేసేదానికీ కాలికొచ్చేదానికీ. ఇంగ్లీషు మాట ఎక్కడిదో భాషా పండితులకి కూడా పూర్తిగా తేలలేదు, దెబ్బ తగిలి కట్టిన బొప్పికి పాత ఫ్రెంచిలో ఉన్న ఒక మాటకి చుట్టమై ఉండొచ్చని ఎక్కువమంది అంటారు. ఉల్లిపాయ అన్నా బొప్పి అన్నా, ఈ పేర్లన్నీ పైకి కనిపించే బుడిపెని చూసి పెట్టినవే. వేలు వంగిందన్న సంగతి వాటిలో లేదు.

స్పెయిన్‌లో పేరు మరీ విచిత్రం. అక్కడ హువానెతె అంటారు. హువాన్ అనేది మనుషుల పేరు. మొరటు పల్లెటూరి మనిషిని ఆ పేరుతో పిలిచే అలవాటు నుంచి ఇది వచ్చిందని వాళ్ల నిఘంటువు చెప్తుంది. అంటే బన్యన్ పల్లెటూరి రైతు పాదానికి వచ్చేదని ఆ పేరు తీర్పు చెప్పేసింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, తవ్వి తీసిన ఎముకలు దీనికి సరిగ్గా ఎదురు సాక్ష్యం చెప్పాయి.

వంపు అన్న విషయాన్ని పేరులోకి తెచ్చింది కార్ల్ హ్యూటర్ అనే జర్మన్ సర్జన్. 1870 దశకం మొదట్లో హాలక్స్ వాల్గస్ అని లాటిన్‌లో పేరు పెట్టాడు, బొటనవేలు బయటి వైపు వంగిపోవడం అని దాని అర్థం. ఇప్పటికీ డాక్టర్ రిపోర్టు మీద ఉండేది ఈ పేరే. నా దృష్టిలో ఇది ఉత్త పేరు మార్పు కాదు. బుడిపె అనుకున్నంత కాలం బుడిపెని చెక్కేయడమే వైద్యంగా ఉండేది, వంపు అని తెలిశాకే వంపుని సరిచేయాలన్న ఆలోచన వచ్చింది.

అమెరికాలో అయితే ఈ మాట పాదాల కష్టానికంతటికీ గుర్తుగా మారిపోయింది. 1928లో లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్క్ దాకా దేశానికి ఆ చివర నుంచి ఈ చివరికి పరుగు పందెం పెట్టారు. పత్రికలవాళ్లు దానికి బన్యన్ డెర్బీ అని పేరు పెట్టేశారు. 199 మంది బయల్దేరితే 55 మంది చివరిదాకా వచ్చారు. ఓక్లహోమాకి చెందిన ఆండీ పేన్ అనే చెరొకీ కుర్రాడు గెలిచి 25,000 డాలర్లు తీసుకెళ్లాడు. నిజానికి పరిగెత్తినంత మాత్రాన బన్యన్ రాదు, పేరు మాత్రం నిలిచిపోయింది.

కేంబ్రిడ్జ్ మట్టిలో దొరికిన సాక్ష్యం

చెప్పుల వాదానికి బలమైన ఆధారాల్లో ఒకటి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ ఊరి సమాధుల్లో దొరికింది. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో 177 మధ్యయుగపు అస్థిపంజరాల పాదాల ఎముకలు పరీక్షించారు. 11 నుంచి 13వ శతాబ్దం మధ్య బతికినవాళ్లలో 6 శాతానికి బన్యన్ ఉంది. 14, 15 శతాబ్దాలవాళ్లలో అది 27 శాతం. మధ్యలో ఏం మారింది? చెప్పులు మారాయి. అంతకు ముందు బొటనవేలి దగ్గర గుండ్రంగా, వదులుగా ఉండే తోలు చెప్పుల స్థానంలో ముందుకి సూదిలా పొడుచుకొచ్చే పూలేన్ అనే బూట్లు యూరప్ అంతా ఫ్యాషన్ అయ్యాయి. వాటి ముక్కు నిలబడటానికి లోపల నాచు కూడా కుక్కేవాళ్లు. ఎంతవరకు వెళ్లిందంటే, 1463లో ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ లండన్‌లో చెప్పు ముక్కు రెండు అంగుళాలు మించకూడదని చట్టం తెచ్చాడు.

సమాధి ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి విడదీస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఊరి బయటి పల్లె శ్మశానంలో 3 శాతం. పట్నంలో మామూలు జనం సమాధుల్లో 10 శాతం. ధర్మాసుపత్రి దగ్గర 23 శాతం. సన్యాసుల మఠంలో, అదీ డబ్బున్న దాతలు కూడా సమాధి అయ్యే చోట, 43 శాతం. హువాన్ పేరు మీద పల్లెటూరివాడికి అంటగట్టిన జబ్బు, కనీసం కేంబ్రిడ్జ్‌లో, పట్నపు ఫ్యాషన్ మనిషిదిగా తేలింది. మతపెద్దలు ముక్కు చెప్పులు తొడగకూడదని చర్చి 1215లోనే నిషేధించింది. మఠంలో 43 శాతం చూస్తే ఆ నిషేధం ఎంత నడిచిందో తెలుస్తోంది.

ఇంకో విషయం, ఈ అస్థిపంజరాల్లో బన్యన్ ఉన్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఇప్పటి లెక్కలు ఎదురుగా ఉన్నాయి. 2010లో ప్రపంచంలోని అనేక అధ్యయనాలని కలిపి చూసిన సమీక్షలో ఆడవాళ్లలో సుమారు 30 శాతం, మగవాళ్లలో 13 శాతం అని తేలింది. ఆడవాళ్ల శరీరమే కారణమైతే మధ్యయుగంలోనూ వాళ్లకే ఎక్కువ ఉండాలి. అప్పట్లో ఇరుకు చెప్పుల ఫ్యాషన్‌లో ముందున్నది మగవాళ్లు, ఇప్పుడు ఆడవాళ్లు, ఇదే సూటి వివరణ అనిపిస్తుంది నాకు.

అయితే ఈ ఆధారానికీ హద్దులున్నాయి, అవి కూడా చెప్పుకోవాలి. 177 మందిని నాలుగు శ్మశానాలకి, రెండు కాలాలకి పంచితే ఒక్కో గుంపులో మిగిలేది కొద్దిమందే, మఠంలో మరీను. పైగా బన్యన్ వయసుతో పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ కాలం బతికినవాళ్లు ఎక్కువగా ఉన్న శ్మశానంలో శాతం ఎక్కువ కనిపించొచ్చు. ఒక చెప్పు కూడా ఆ పాదాలకి తొడిగి దొరకలేదు. కాలం కలిసింది, తరగతి కలిసింది కాబట్టి చెప్పు మీద అనుమానం బలపడింది, అంతే.

కింద పడటం గురించి కేంబ్రిడ్జ్ పరిశోధకులు గమనించింది మాత్రం ఇప్పటి పెద్దవాళ్లకి నేరుగా పనికొచ్చేది. 45 ఏళ్లు దాటి, బన్యన్ ఉన్నవాళ్ల ఎముకల్లో, కింద పడితే విరిగే చోట్ల విరుగుళ్లు ఎక్కువగా కనిపించాయి. వేలు పక్కకి వంగితే అడుగు నేలని తోసే తీరు మారుతుంది, నిలకడ తగ్గుతుంది.

చెప్పా, వంశమా?

చెప్పుల పక్షాన మరో పెద్ద ఆధారం హాంగ్‌కాంగ్‌ది. 1958లో అక్కడి ఇద్దరు డాక్టర్లు చెప్పులు తొడిగే చైనావాళ్లనీ, ఎప్పుడూ తొడగనివాళ్లనీ పోల్చి చూశారు. తొడిగేవాళ్లలో 33 శాతానికి బన్యన్ ఉంది, తొడగనివాళ్లలో 1.9 శాతానికి. జపాన్‌లో కూడా గెతా, జోరి లాంటి బొటనవేలి పక్కన పట్టీ ఉండే పాదరక్షలు పోయి పాశ్చాత్య బూట్లు వచ్చాకే ఈ సమస్య బాగా పెరిగిందని అక్కడి సర్జన్లు 1981లో రాశారు.

వంశం పక్షం కూడా అంతే గట్టిగా ఉంది. 2007లో బన్యన్ ఉన్న 350 మంది కుటుంబ వృక్షాలు గీసి చూస్తే, పదిమందిలో తొమ్మిదిమందికి ఇంట్లో ఇంకొకరికైనా అది ఉంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ ఊరి కుటుంబాల మీద 2013లో వచ్చిన అధ్యయనం వారసత్వపు వాటా వయసుని బట్టి, ఆడ మగ తేడాని బట్టి 0.29 నుంచి 0.89 దాకా ఉందని చెప్పింది. ఈ కొలతలో 1 అంటే మనుషుల మధ్య తేడా అంతా వారసత్వానిదేనని, కాబట్టి 0.89 అంటే చాలా పెద్ద అంకె. ఇది చదివినవాళ్లు "అయితే చెప్పులది ఏం తప్పు లేదు, అంతా జీన్స్" అని తేల్చేస్తున్నారు. అక్కడే పొరపాటు జరుగుతోంది.

రెండు ఊళ్లు ఊహించుకోండి. మొదటి ఊళ్లో అందరూ ఉత్త కాళ్లతో తిరుగుతారు, నూరుమందిలో ఇద్దరికి బన్యన్ వచ్చింది. రెండో ఊళ్లో అందరూ ఒకే రకం ఇరుకు చెప్పులు తొడుగుతారు, నూరుమందిలో 33 మందికి వచ్చింది. ఇప్పుడు రెండో ఊళ్లో కూర్చుని ఒక ప్రశ్న వేద్దాం: ఈ 33 మందికే ఎందుకు వచ్చింది, మిగతా 67 మందికి ఎందుకు రాలేదు? చెప్పు సమాధానం కాలేదు, ఎందుకంటే అందరి చెప్పూ ఒకటే. కాబట్టి తేడా అంతా పుట్టుకతో వచ్చిన పాదం తీరులోనే కనిపిస్తుంది, కీళ్ల వదులు, ఎముక కొన గుండ్రదనం, అరికాలి ఎత్తు లాంటివాటిలో. వారసత్వపు అంకె ఆకాశానికి వెళ్తుంది. కానీ రెండు ఊళ్లనీ పక్కపక్కన పెట్టి 2 ఎందుకు 33 అయ్యిందని అడిగితే సమాధానం చెప్పులే. రెండు జవాబులూ నిజాలే, ప్రశ్నలే వేరు. ఫ్రేమింగ్‌హామ్ అడిగింది మొదటి ప్రశ్న, హాంగ్‌కాంగ్ అడిగింది రెండోది. పైగా ఒక ఇంట్లోవాళ్లు ముఖం పోలికలతో పాటు చెప్పుల అలవాటు కూడా పంచుకుంటారు, కాబట్టి కుటుంబంలో వచ్చినదంతా రక్తంలో వచ్చినట్టు కాదు.

కేంబ్రిడ్జ్‌కి ఇదే వర్తిస్తుంది. రెండు మూడు వందల ఏళ్లలో 6 శాతం 27 కావడం జీన్స్ మారడం వల్ల సాధ్యం కాదు, అది చాలా తక్కువ కాలం. అలాగని చెప్పొక్కటే కారణమైతే ఆ పట్నంలో మిగతా 73 శాతం ఎలా తప్పించుకున్నారో చెప్పలేం.

హీల్స్ సంగతి ఇంకొంచెం చిక్కు. మడమ ఎత్తు పెరిగితే ఒంటి బరువు ముందుకి జారి వేళ్ల మీద పడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ 2016లో వెలువడిన బ్రిటన్ ఆడవాళ్ల అధ్యయనంలో ఇరవైల్లో, ముప్పైల్లో తొడిగిన చెప్పుల ముందుభాగం ఇరుకుకే బన్యన్‌తో సంబంధం కనిపించింది, మడమ ఎత్తుకి కాదు. అంటే అసలు దోషం ఎత్తు కంటే వేళ్ల దగ్గర చోటు లేకపోవడానిదే కావచ్చు. చాలా హీల్స్‌కి ఆ రెండూ కలిసే వస్తాయి కాబట్టి విడదీయడం కష్టం.

హైదరాబాద్ కాళ్లకి దీన్ని అన్వయిస్తే

మన పాత పాదరక్షలు ఒకసారి గుర్తు చేసుకుంటే, పావుకోళ్లకి బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఒక గుబ్బ ఉండేది. ఉంగటాల చెప్పులకి బొటనవేలు దూరే వలయం. ఇప్పటి హవాయి చెప్పుకి కూడా అక్కడే పట్టీ. వీటిలో దేనికీ వేళ్ల చుట్టూ గోడ లేదు, వేలిని పక్కకి తోసేది ఏదీ లేదు. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగడం, గుళ్లో, మసీదులో, దర్గాలో వాకిట్లోనే విప్పేయడం, ఇవన్నీ కలిస్తే రోజులో పాదం మూసిన బూటులో ఉండే గంటలు చాలా తక్కువగా ఉండేవి. స్కూలు బూట్లు, తర్వాత ఆఫీసు బూట్లు, ఇప్పుడు జిమ్ బూట్లు వచ్చి ఆ గంటలు పెరిగాయి.

పిల్లల పాదాల మీద మూసిన బూటు ప్రభావం ఉంటుందనడానికి మన దేశంలోనే చేసిన పెద్ద అధ్యయనం ఉంది. కర్ణాటకలోని మణిపాల్ డాక్టర్లు 2300 మంది పిల్లల్ని చూసి 1992లో ప్రకటించారు. అది బన్యన్ గురించి కాదు, అరికాలు చదునుగా ఉండటం గురించి. చెప్పులు, బూట్లు తొడిగే పిల్లల్లో 8.6 శాతం, తొడగని పిల్లల్లో 2.8 శాతం. ముందుభాగం మూసి ఉన్న బూట్లు తొడిగేవాళ్లలో ఎక్కువ. వేరే సమస్యే అయినా, పెరిగే పాదాన్ని చెప్పు మలుస్తుందన్న మాటకి అది సాక్ష్యం.

పత్తర్‌గట్టిలో షేర్వాణీతో పాటు అమ్మే ముక్కు తిరిగిన జుత్తీల సంగతి కూడా చాలామంది అడుగుతారు. చూడటానికి అవి పూలేన్ బంధువుల్లా ఉంటాయి. నిజానికి ముక్కు ఎంత పొడవన్నది అసలు విషయం కాదు. వేళ్లు ఆగిపోయే చోటు దాటాక ముక్కు ఎంత పొడుగున్నా, పైకి ఎంత తిరిగినా వేలికి తగలదు. వేళ్లు ఉన్న చోటే సన్నబడటం మొదలైతేనే నొక్కుతుంది. పాతరకం జుత్తీలకి కుడి ఎడమ తేడా ఉండదు, రెండూ ఒకటే, తొడగగా తొడగగా కాలికి తగ్గట్టు సాగుతాయి. యూరప్‌లో కూడా సుమారు 1600 నుంచి 19వ శతాబ్దం మొదటి దాకా కుడి ఎడమ తేడా లేని బూట్లే ఎక్కువగా కుట్టేవాళ్లు. జ్యూరిచ్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరశాస్త్ర ప్రొఫెసర్ 1858లో చెప్పు ఆకారం ఎలా ఉండాలో ఒక చిన్న పుస్తకమే రాశాడు. మడమ మధ్య నుంచి గీసిన గీత బొటనవేలి మధ్య నుంచి పోయేలా చెప్పు కుట్టాలి గానీ, చెప్పు మధ్యకి ముక్కు పెట్టి బొటనవేలిని అటు తోయకూడదని అతని వాదన. ఇప్పుడు అబిడ్స్‌లోనో కోఠిలోనో ఏ షాపులోనైనా ఆఫీసు బూటు ఒకటి తిప్పి చూడండి, ముక్కు ఇంకా మధ్యలోనే ఉంటుంది.

మట్టెల ఇబ్బంది మాత్రం మన ఆడవాళ్లకే ప్రత్యేకం. మట్టెలు పెట్టేది రెండో వేలికి. బన్యన్ ముదిరి బొటనవేలు దాని మీదికి వచ్చి ఒత్తుకుంటే మట్టె అంచు రెండు వేళ్ల మధ్య నలిగి పుండు పడుతుంది. మట్టె తీసేయాలంటే మనసొప్పదు, ఉంచుకుంటే నొప్పి. మట్టె వల్లే వేలు వంగిందని అనేవాళ్లున్నారు గానీ, ఒరిగేది బొటనవేలూ దాని వెనక ఎముకానూ, మట్టె ఉన్న వేలు కాదు.

బొమ్మల్లో ఎందుకు కనిపించదు

ఇంత పాతది, ఇంతమందికి ఉన్నది, మరి చిత్రాల్లో శిల్పాల్లో ఎక్కడ? నాకు ఇందులో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే.

కొంత కారణం గీసే కోణంలోనే ఉంది. ఈజిప్టు గోడల మీద మనుషులని పక్క నుంచి గీసేవాళ్లు, చాలా బొమ్మల్లో రెండు పాదాలూ బొటనవేలి వైపు నుంచే కనిపిస్తాయి. మన దక్కనీ సూక్ష్మచిత్రాల్లో దర్బారు మనుషుల కాళ్లూ ఎక్కువగా పక్కవాటమే. బన్యన్ పొడుచుకొచ్చేది పాదం లోపలి పక్కకి. పక్క నుంచి గీస్తే అది నేరుగా చూసేవాళ్ల వైపో, అవతలి వైపో ఉంటుంది, అంచు గీతలో పడదు. ఉన్నా గీయడానికి చోటే లేదు.

శిల్పంలో ఆ అడ్డం లేదు, అక్కడ ఆదర్శం అడ్డొచ్చింది. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు తొలి రోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాకుండా పాదాలతో చూపించారు. అమరావతి బుద్ధపాదం ఒకటి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అరికాల్లో చక్రం, వేళ్లు పక్కపక్కనే తిన్నగా. మహాపురుషుడి 32 లక్షణాల్లో నేలకి సమంగా ఆనే పాదం, పొడవైన వేళ్లు, మెత్తని అరికాళ్లు ఉన్నాయి. పూజించే పాదంలో వంపుకి చోటు ఉండదు. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో రాతి విగ్రహాల ముందు ఈసారి ముఖాల కంటే ముందు కాళ్లు చూడండి, శిల్పి వేళ్లని ఎంత జాగ్రత్తగా వరసలో పేర్చాడో కనిపిస్తుంది. మనకి సాముద్రికంలోనూ కాలి వేళ్ల మీద చాలా చెప్పారు, రెండో వేలు బొటనవేలిని మించితే ఆ ఇంట్లో పెత్తనం ఆవిడదేనని ఇప్పటికీ అంటుంటారు కదా. పెళ్లిచూపుల్లో పాదాలు చూసేది ఈ లెక్కలతోనే. బన్యన్ ఉన్న ఎంతమంది అమ్మాయిలు చీర అంచు కింద కాళ్లు దాచుకుని ఉంటారో అనిపిస్తుంది.

యూరప్‌లో మామూలు పాదాన్ని ఉన్నదున్నట్టు గీసినందుకు గొడవే అయ్యింది. రోమ్‌లో కారవాజ్జో 17వ శతాబ్దం మొదట్లో వేసిన లొరెతో మేరీమాత చిత్రంలో మోకరిల్లిన యాత్రికుడి మురికి అరికాళ్లు చూసేవాళ్ల ముఖానికి ఎదురుగా ఉంటాయి. అప్పట్లో జనం దాని గురించి పెద్ద రభస చేశారని ఆ కాలపు చిత్రకారుడొకరు రాసి పెట్టాడు. మురికికే అంత అయితే, వంకర వేలిని గీసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

మధ్యయుగపు రాతప్రతుల్లో పూలేన్ బూట్లు మాత్రం పుష్కలంగా ఉన్నాయి, రంగురంగులుగా, రాజుల కాళ్లకి, సేవకుల కాళ్లకి. ఆ బూట్లలో ఉన్న వేలు ఎలా ఉందో చూపించింది కేంబ్రిడ్జ్ లాంటి చోట్ల మట్టే.

పక్క జబ్బయిన గౌట్‌కి మాత్రం గొప్ప బొమ్మ దొరికింది. 1799లో ఇంగ్లండ్ వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ గిల్‌రే వాచిన పాదం మీద ఒక నల్లటి చిన్న దయ్యం పళ్లు దిగేసి కొరుకుతున్నట్టు గీశాడు, సరిగ్గా బొటనవేలి మొదట్లో. గౌట్ నొప్పి అందరికీ అర్థమయ్యేలా ఒక్క క్షణంలో చెప్పగలిగే బొమ్మ అది. బన్యన్‌కి అలాంటి క్షణం లేదు, ఇరవై ముప్పై ఏళ్ల పాటు సాగేదాన్ని ఒక్క బొమ్మలో పెట్టడం కష్టం. గౌట్ అప్పట్లో డబ్బున్నవాళ్ల జబ్బుగా పేరుపడటం కూడా దానికి కలిసొచ్చింది.

చెక్కడం నుంచి తిప్పడం దాకా

పాతకాలపు సర్జన్లు బుడిపెని, దాని మీది వాచిన సంచిని కోసేసేవాళ్లు. వంపు అలాగే ఉండేది కాబట్టి మళ్లీ వచ్చేది. హ్యూటర్ ఎముక కొననే తీసేశాడు. 1881లో రెవెర్దాన్ ఎముకలోంచి చీలిక ఆకారంలో ముక్క తీసి వేలిని తిప్పే పద్ధతి చెప్పాడు. 1934లో లాపిడస్ ఇంకా వెనక్కి వెళ్లి, మెటాటార్సల్ మొదట్లో ఉన్న కీలునే సరిచేసి అతికించడం ప్రచారంలోకి తెచ్చాడు. స్కార్ఫ్ అనే ఆపరేషన్‌కి వడ్రంగులు రెండు దూలాలని కలిపే అతుకు పేరే పెట్టారు. ఇలా నూటికి పైగా ఆపరేషన్లు పుస్తకాలకెక్కాయి. ఒక జబ్బుకి ఇన్ని ఆపరేషన్లు ఉన్నాయంటే ఏ ఒక్కటీ అందరికీ సరిపోలేదని అర్థం. తక్కువ వంపుకి ఒకటి, ఎక్కువ వంపుకి ఒకటి, కీలు అరిగిపోతే ఇంకొకటి అని ఎంచుకుంటారు.

మొదట్లో చెప్పిన పట్టీల విషయానికొస్తే, అవి తొడిగి ఉన్నంతసేపు వేలు తిన్నగా కనిపిస్తుంది, కొందరికి నొప్పి కూడా తగ్గుతుంది. తీసేశాక పెద్దవాళ్లలో వంపు శాశ్వతంగా పోయిందనడానికి గట్టి ఆధారం లేదు. కారణం పై లెక్కలోనే ఉంది: పట్టీ లాగేది వేలిని, ఒరిగింది వేలి వెనకున్న మెటాటార్సల్ కూడా. ప్రకటనల్లో తర్వాత ఫొటో ఎప్పుడు తీశారో, ఆ కాలి మీద బరువు ఉందో లేదో చెప్పరు. నిలబడి తీసిన ఫొటోకీ కూర్చుని తీసిన ఫొటోకీ ఒకే పాదంలో వంపు తేడాగా కనిపిస్తుంది, అందుకే ఆర్థోపెడిక్ డాక్టర్లు ఈ ఎక్స్‌రేని నిలబెట్టి తీయిస్తారు.

ఇప్పుడు సర్జన్ల మధ్య నడుస్తున్న వాదన మెటాటార్సల్ తిరుగుడు గురించి. ఆ ఎముక పక్కకి ఒరగడమే కాకుండా తన చుట్టూ తాను కూడా కొంత తిరుగుతుందని ఒక వర్గం అంటోంది. మామూలు ఎక్స్‌రే చదునైన బొమ్మ కాబట్టి అందులో ఒరగడం కనిపిస్తుంది గానీ తిరగడం సరిగ్గా కనిపించదు. ఆ తిరుగుడు సరిచేయకుండా వదిలేసినందువల్లే కొందరికి ఆపరేషన్ తర్వాత కూడా బన్యన్ మళ్లీ వస్తోందని, నిలబెట్టి సీటీ స్కాన్ తీసి మూడు దిక్కులా సరిచేయాలని, అందుకు లాపిడస్ పాత పద్ధతే మార్పులతో మంచిదని వాళ్ల మాట. మరో వర్గం, తక్కువ, మధ్యరకం వంపులకి ఎముకని చిన్నగా కోసి జరిపే ఆపరేషన్లు దశాబ్దాలుగా బాగానే పనిచేస్తున్నాయని, కీలుని శాశ్వతంగా అతికించేయడం అందరికీ అవసరం లేదని, కోలుకోవడానికి పట్టే కాలం కూడా లెక్కలోకి తీసుకోవాలని అంటోంది.